డబ్బా మీద ఓసీపీ (ఓవర్ కరెంట్ రక్షణ) అని ఉంటే నమ్మేయొచ్చా?

మా హనుమకొండలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నాకు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై) గురించే టెన్షన్, ఎందుకంటే అది పోతే పోనీ, పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా పట్టుకుపోకూడదు.

కొనేటప్పుడు డబ్బా మీది రక్షణల పేర్లు చూసి ఆగిపోకండి. రక్షణ ఉందా అన్నది కాదు, లోడ్ ఎక్కువైతే ఎన్ని యాంపుల దగ్గర కట్ అవుతుందన్నదే అసలు సంగతి. 12 వోల్టుల లైనుకు 40 యాంపులని రాసి 80 దాకా ఊరుకుంటే ఆ ఓవర్ కరెంట్ రక్షణ ఉన్నా లేనట్టే. అందుకే మీరు కొనే మోడలే, అదే వాటేజీ, లోడ్ పెంచుతూ కట్ అయ్యేదాకా పరీక్షించిన రివ్యూ వెతకండి. 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది, రక్షణ గురించి కాదు.

షాపులో ఆకుపచ్చ వైరు, నల్ల వైరు పిన్నుతో కలిపి ఫ్యాన్ తిరగ్గానే "మంచిగుంది అన్నా" అంటారు. ఆన్ అవుతుందని తెలిసింది, అంతే.

మూత మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు. ఇంకోటి, కేస్ తాకితే చెయ్యి జిల్లుమంటోందా? ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి.