డేటాబేస్‌లో తెలుగు ప్రశ్నార్థకాలైపోతే: సమస్య - పరిష్కారం

పైథాన్ ప్రోగ్రాము నుంచి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు కనెక్షన్ కుదిరింది, వివరాలు ఎక్కించే ఇన్‌సర్ట్ నడిచింది, వాటిని ఖాయం చేసే కమిట్ కూడా అయింది. తీరా ఎక్కించింది చూపించే సెలెక్ట్ కొట్టి చూస్తే ఊరు కాలమ్‌లో పత్తికొండ ఉండవలసిన చోట వరుసగా తొమ్మిది ప్రశ్నార్థకాలు. కర్నూలులో ఉల్లి వ్యాపారుల లెక్కల ప్రోగ్రాములు బాగుచేసే నాకు ఈ ఫిర్యాదు కొత్త కాదు. నన్ను పిలిచేసరికే సర్వర్ తీసేసి మళ్లీ ఎక్కించి ఉంటారు, ఫాంట్లు మార్చి ఉంటారు, టేబుల్‌ను నాలుగు రకాలుగా ఆల్టర్ చేసి (నిర్మాణం మార్చి) ఉంటారు. లోపల అసలేం నిల్వ ఉందో మాత్రం ఒక్కరూ చూసి ఉండరు.

ముందు అది చూడండి. సెలెక్ట్‌లో ఊరుతో పాటు దాని హెక్స్ (నిల్వ ఉన్న బైట్లు ఏవో), లెంగ్త్ (అవి ఎన్నో) కూడా అడగండి. పత్తికొండ మన కంటికి నాలుగక్షరాలే. యూనికోడ్‌లో పొల్లు, గుడి, ఒత్వం, సున్న విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి తొమ్మిది. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు, మొత్తం 27. లెంగ్త్ 27 వచ్చి, హెక్స్ ఈ0బీ0ఏఏ అని మొదలైతే అది ‘ప’. అక్షరాలు క్షేమంగా ఉన్నాయి. లెంగ్త్ 9 వచ్చి, హెక్స్‌లో 3ఎఫ్ 3ఎఫ్ అనే వరుస కనిపిస్తే నిల్వ అయినవే ప్రశ్నార్థకాలు. వాటిని ఏ కమాండూ వెనక్కి తేలేదు. బ్యాకప్ ఉంటే అందులోంచి తీసుకోవాలి, లేదంటే కాగితం చిట్టీలు చూసి మళ్లీ ఎక్కించాలి.

అక్షరాలు క్షేమంగా ఉండి తెర మీద మాత్రమే తేడా కనిపిస్తుంటే పని తేలిక. పైథాన్‌ను మైఎస్‌క్యూఎల్‌తో కలిపే పైమైఎస్‌క్యూఎల్ కనెక్ట్‌లో క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా ఇవ్వండి. మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్8కు అదే పేరు. విండోస్ నల్ల తెరలో చూసి తీర్పు చెప్పకండి, దానికి తెలుగు సరిగా రాదు.

ఇక సతాయించే కారణం. సర్వర్ సెట్టింగు మార్చారు, డేటాబేస్ మార్చారు, టేబుల్‌ను కూడా ‘డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4’ అని ఆల్టర్ చేశారు, కనెక్షనూ సరిగానే ఉంది. అయినా ప్రశ్నార్థకాలే. ఎందుకంటే క్యారెక్టర్ సెట్ అనేది చివరికి కాలమ్‌ది. డిఫాల్ట్ అన్న మాట ఇకముందు చేర్చే కాలమ్‌లకే వర్తిస్తుంది, పాతవి తెలుగు పట్టని, ఐరోపా అక్షరాలకే సరిపోయే లాటిన్1లోనే ఉండిపోతాయి. మైఎస్‌క్యూఎల్ 8.0కు ముందు డిఫాల్ట్ లాటిన్1 కాబట్టి పాత సర్వర్లలో క్యారెక్టర్ సెట్ చెప్పకుండా పుట్టిన టేబుళ్లకు ఈ బెడద ఉంది. పరీక్ష కోసం కొత్త కాలమ్ ఒకటి చేర్చి చూస్తే అందులో తెలుగు చక్కగా కూర్చుంటుంది. దాంతో తప్పు తమ కోడ్‌లోనే ఉందనుకొని రాత్రంతా పైథాన్ తిరగరాస్తారు. బ్రౌజర్‌లో డేటాబేస్ చూసుకునే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో టేబుల్ కొలేషన్ (క్యారెక్టర్ సెట్‌తో ముడిపడిన, అక్షరాలు పోల్చే నియమం) మార్చి, దాని కింద అన్ని కాలమ్‌లకూ మార్చమనే టిక్కు పెట్టకపోయినా ఇదే కథ.

సర్వర్ ఎందుకు మొరపెట్టుకోదంటే, తప్పు డేటాను తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ అనే సెట్టింగు ఆపి ఉంటే పట్టని అక్షరం బదులు ప్రశ్నార్థకం పెట్టి, ఎవరూ చదవని వార్నింగ్ ఒకటి రాసి ఊరుకుంటుంది. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే 1366 ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ వచ్చినవాళ్లు అదృష్టవంతులు. దాన్ని తప్పించుకోవడానికి స్ట్రిక్ట్ మోడ్ ఆపేయమని సలహా ఇచ్చేవారి మాట వినకండి.

నిర్ధారణకు షో క్రియేట్ టేబుల్ కొట్టి, అట్టడుగు వరుస ఒక్కటే చూసి వదిలేయకుండా ప్రతి కాలమ్ వరుసా చదవండి. వార్‌క్యార్ (అక్షరాలు దాచే కాలమ్ రకం) పక్కన లాటిన్1 అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. ముందు బ్యాకప్ తీయండి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో డంప్ (బ్యాకప్ ఫైలు) తీస్తే అది యూటీఎఫ్16 అనే వేరే పద్ధతిలో పడుతుంది, రిజల్ట్ ఫైల్ ఆప్షన్ వాడండి. తర్వాత ఆల్టర్ టేబుల్‌లో డిఫాల్ట్ మాట తీసేసి ‘కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4’ అనండి. పాత కాలమ్‌లూ మారతాయి.

అయితే ఒక్క సందర్భంలో కన్వర్ట్ కొంప ముంచుతుంది. కాలమ్ లాటిన్1 అని ఉండి, హెక్స్ మాత్రం ఈ0బీ0 అని చూపిస్తే, ఏదో పాత పీహెచ్‌పీ ప్రోగ్రాము యూటీఎఫ్8 బైట్లను లాటిన్1 పేరుతో దాచిందన్న మాట. ఆ పాత ప్రోగ్రాములో తెలుగు బాగానే కనిపిస్తుంది, పైథాన్‌లో మాత్రం ఫ్రెంచి అక్షరాల గందరగోళం వస్తుంది. నేరుగా కన్వర్ట్ చేస్తే ఆ గందరగోళమే శాశ్వతమవుతుంది. మొదట కాలమ్‌ను వట్టి బైట్లు దాచే వార్‌బైనరీగా మార్చి, ఆపైన యూటీఎఫ్8ఎంబీ4 వార్‌క్యార్‌గా మార్చండి.

మిగతావి అరుదు. ప్రశ్నార్థకాలు కాక డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత డేటా అయితే అది యూనికోడే కాదు, కన్వర్టర్ పెట్టి మార్చుకోవాలి, డేటాబేస్‌ను తిట్టి లాభం లేదు. మార్చేటప్పుడు 1071 ఎర్రర్ వస్తే ఇండెక్స్ (వెతుకులాట త్వరగా అయ్యేందుకు పెట్టే సూచిక) తన హద్దు దాటిందని అర్థం, పాత సర్వర్లలో మామూలుగా ఆ హద్దు 767 బైట్లు. ఊరి పేరుకు 255 అక్షరాలెందుకు, 100 చేయండి.