లాటిన్ గాయకుల తొలినాటి రికార్డులను వెతికే పద్ధతి

సల్సా, మెరెంగే అనే నృత్యసంగీతాలు, బొలెరో అనే నెమ్మది ప్రేమగీతాలు వంటి ట్రాపికల్ (కరీబియన్ ప్రాంతపు) సంగీతం పాడినవారి తొలి రికార్డులు కావాలనుకునేవారు ముందుగా మానుకోవలసిన పని, గాయకుని పేరుతో వెతకడం. ఈ సంగీతంలో చాలాకాలం పాటు బృందనాయకునిదే పెత్తనం. అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉండేది ఆయన పేరే, గాయకుడు ఆ బృందంలో ఒకడు మాత్రమే. సల్సా గాయకుడు హెక్టర్ లావో కంఠం 1967లో 'ఎల్ మాలో' ఆల్బమ్‌తో శ్రోతలకు చేరింది గాని, ఆ ఆల్బమ్ అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని ట్రాంబోన్ వాద్యకారుడు విల్లీ కొలోన్ పేరిట ఉంది. లావో సొంత పేరుతో తొలి ఆల్బమ్ 'లా వోస్' 1975లో గాని రాలేదు కనుక, ఆయన పేరు పట్టుకుని వెతికేవారికి మధ్యనున్న ఎనిమిదేళ్లు, నా దృష్టిలో ఆయన పాటలో అత్యుత్తమమైన ఎనిమిదేళ్లు, చేజారిపోతాయి.

కాబట్టి మొదట బృందాన్ని పట్టుకోవాలి. క్యూబా గాయని సీలియా క్రూజ్ విషయంలో అది హవానాకు చెందిన లా సొనోరా మతాన్సెరా. 1950లో గాయని మిర్తా సిల్వా వెళ్లిపోయిన చోట ఆమె చేరింది. ఆ బృందంతో ఆమె పాడిన రికార్డులను న్యూయార్క్‌లోని సీకో కంపెనీ విడుదల చేసింది. ఇక్కడ తేదీల విషయంలో మెలకువ అవసరం. ఆ పాటల్లో చాలా భాగం విడి రికార్డులుగా వచ్చి, తరువాత ఎల్‌పీలలో (పలు పాటలుండే పెద్ద రికార్డులలో) కూర్చినవి కావడం వల్ల ఎల్‌పీ మీది సంవత్సరం పాట రికార్డయిన సంవత్సరం కాకపోవచ్చు. స్ట్రీమింగ్ యాప్‌లు చూపే సంవత్సరమైతే పునర్విడుదలది కావడం మరీ మామూలు. పాత రికార్డు చేతికి దొరికితే లేబుల్ మీది క్యాటలాగ్ సంఖ్యతో పాటు, లేబుల్‌కూ చివరి గాడికీ మధ్యనున్న నునుపు భాగంలో చెక్కిన మాట్రిక్స్ సంఖ్యను కూడా రాసుకోవాలి. మొదటిది అమ్మకానికి ఇచ్చిన సంఖ్య, రెండవది ఆ పాట ధ్వనిముద్రణకు సంబంధించినది. పక్క సంఖ్యల తేదీలు తెలిసినప్పుడు దీని తేదీని కూడా దాదాపుగా అంచనా వేయవచ్చు. క్యూబా పాటల వివరాలకు ఫ్లోరిడా ఇంటర్నేషనల్ విశ్వవిద్యాలయంలోని దియాస్ అయాలా సేకరణను మించిన ఆధారం నాకు కనిపించలేదు.

తరువాతి చిక్కు పేర్లది. లావో అసలు పేరు హెక్టర్ హువాన్ పెరెస్ మార్తినెస్. స్పానిష్ పేర్లలో సాధారణంగా తండ్రి ఇంటిపేరు ముందు, తల్లి ఇంటిపేరు చివర వస్తాయి కనుక, పత్రాల సూచికలో పెరెస్ కింద చూడాలే తప్ప మార్తినెస్ కింద కాదు. న్యూయార్క్ సల్సా గాయకుడు మార్క్ ఆంథోనీ అసలు పేరు మార్కో ఆంతోనియో మునీస్. అదే పేరుతో అంతకు ముందే ప్రసిద్ధుడైన మెక్సికో గాయకుడు ఉన్నాడు గనుక, ఆ పేరుతో వెతికితే ఎదురయ్యేవి ఆ పెద్దాయన బొలెరోలు.

మార్క్ ఆంథోనీని సల్సా విభాగంలో మాత్రమే వెతకడం కూడా పొరపాటే. న్యూయార్క్ క్లబ్బుల ఫ్రీస్టైల్ నృత్యసంగీతంలో ఆయన ఇంగ్లీషులో పాడాడు. ఇతరుల పాటలకు వెనుక గొంతు కలిపాడు. 1991లో డీజే లిటిల్ లూయీ వేగాతో కలిసి ఒక ఆల్బమ్ చేశాడు. సెర్హియో జార్జ్ నిర్మాణంలో ఆయన తొలి సల్సా ఆల్బమ్ 'ఓత్రా నోతా' 1993లో గాని రాలేదు. గాయని లా ఇండియా కూడా ఫ్రీస్టైల్ నుండే బయలుదేరి, 1992లో పియానో వాద్యకారుడు, బృందనాయకుడు ఎడ్డీ పాల్మియేరీతో సల్సాకు వచ్చింది.

లాటిన్ పాప్‌లో పరిస్థితి తలకిందులు. అక్కడ తొలి ఆల్బమ్‌లు గాయకుల సొంత పేరుతోనే ఉంటాయి, కాని వాటిని తొలి ఆల్బమ్‌లుగా లెక్కలోకి తీసుకోరు. కొలంబియా గాయని షకీరాకు పధ్నాలుగేళ్ల వయసున్నప్పుడు 1991లో 'మాహియా', తరువాత 1993లో 'పెలిగ్రో' విడుదలయ్యాయి. అయినా చాలామంది 1995 నాటి 'పియెస్ దెస్కాల్సోస్' నుండే మొదలుపెడతారు. కొలంబియా గాయకుడు కార్లోస్ వివెస్ 1980లలో ప్రేమగీతాల ఆల్బమ్‌లు చేశాడు. తాను నటించిన 'ఎస్కలోనా' అనే టీవీ ధారావాహిక తరువాతనే 'వయ్యెనాతో' అనే కొలంబియా జానపద సంగీతం వైపు మళ్లాడు. అందువల్ల పాప్ గాయకుల విషయంలో రికార్డులతో పాటు టీవీ కార్యక్రమాలను కూడా గాలించాలి.

ఇలా దొరికిన రికార్డుల జాబితా సంవత్సరాల వారీగా తయారయ్యాక అందులోని ఖాళీ సంవత్సరాల ఎదుట కారణం రాయాలి. పనామా గాయకుడు రూబెన్ బ్లేడ్స్ 1970లో న్యూయార్క్‌లో పీట్ రోడ్రిగెస్ బృందంతో ఒక ఆల్బమ్ పాడి, న్యాయశాస్త్రం చదువు పూర్తి చేసుకోవడానికి పనామాకు తిరిగివెళ్లాడు. 1974లో మళ్లీ అమెరికాకు వచ్చి ఫానియా రికార్డు కంపెనీలో ఉత్తరాల విభాగంలో పనిచేశాడు. ఈ సంగతి తెలుసుకుని, 1970 నాటి ఆ ఆల్బమ్‌నూ, 1978లో విల్లీ కొలోన్‌తో చేసిన 'సియెంబ్రా'నూ ఒకదాని వెంట ఒకటి వినాలి.