నవల చదివాక అభిప్రాయం రాయాలంటే

"బాగుంది", "ఏడిపించేసింది", "తప్పక చదవాలి" అని సరిపెడితే విన్నవాళ్ళకి ఆ నవల గురించి ఏమీ తెలీదు. మీకు ఎక్కడ బాగుందో, ఎందుకు ఏడుపొచ్చిందో చెప్పాలి. అందుకు పని చదివేటప్పుడే మొదలెట్టాలి.

విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని చదివినా, ఇంట్లో సొంత పుస్తకం చదివినా నేను పేజీల మీద గీతలు పెట్టను. పుస్తకంలో ఓ చీటీ ఉంచుకుంటాను. ఆగిన చోటల్లా పేజీ నంబరు, పక్కన రెండు ముక్కలు: "విసుగు", "ఇతన్ని నమ్మబుద్ధి కాలేదు", "మళ్ళీ చదివాను". కారణాలు తర్వాత చూసుకోవచ్చు. విసుగొచ్చిన పేజీలు మాత్రం వదలకుండా రాయండి, పుస్తకం పూర్తయ్యాక మొదట మర్చిపోయేవి అవే. ముందుమాట ఆఖర్న చదవండి. మన పుస్తకాల్లో చాలా ముందుమాటలు కథంతా చెప్పేసి, అభిప్రాయం కూడా తయారుచేసి చేతిలో పెట్టేస్తాయి.

చదవడం అయ్యాక అన్నిటికన్నా కష్టమైన పని ఒకటుంది. పాత్ర మీద కోపాన్నీ నవల మీద అభిప్రాయాన్నీ విడదీసుకోవాలి. మన విశాఖలోనే లాయరుగా పనిచేసిన రావిశాస్త్రి గారి 'అల్పజీవి' ఈ మధ్యే మళ్ళీ చదివాను. గుమాస్తా సుబ్బయ్యకి అందరన్నా భయమే. చదువుతుంటే "ఒక్కసారి నోరు విప్పవయ్యా" అని అరవాలనిపిస్తుంది. అంతమాత్రాన నవల బాగోలేదని రాయకూడదు. చిరాకు ఎలా పుట్టిందో చూడండి. రచయిత మనల్ని తీసుకెళ్ళి సుబ్బయ్య బుర్రలోనే కూర్చోబెట్టాడు. ఒక ఆలోచన పూర్తికాకుండానే ఇంకోటి, దాని వెనకే ఇంకో భయం. బయటికొచ్చే దారి మనకీ ఉండదు. నా మటుకు ఆ నవల బలమంతా అక్కడే ఉంది.

రెండు నవలల్ని పోల్చాలనుకుంటే ఒక్క విషయం పట్టుకుని పోల్చండి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు కూడా బతకడం చేతకానివాడే. కానీ అతను ఉన్న ఆస్తి పోగొట్టుకున్నవాడు. సుబ్బయ్యకి పోగొట్టుకోవడానికి ఏముంది? అందుకే నాకు సీతారామారావు మీద జాలి తక్కువ. ఇది నా పక్షపాతమే కావచ్చు, కానీ దానికి కారణం పుస్తకంలోంచే చూపించగలను. ఎవరైనా కాదంటే వాదించుకోవడానికి ఓ ఆధారం ఉంటుంది.

కథ చెప్పే తీరు గురించి కూడా రెండు మాటలు రాయాలి. ఉప్పల లక్ష్మణరావు గారి 'అతడు-ఆమె' శాస్త్రి, శాంతం అనే రెండు పాత్రలు రాసుకున్న డైరీల రూపంలో నడుస్తుంది. అలాంటి నవలకి కథాసారం రాసి ఊరుకుంటే అన్యాయం. ఎవరి డైరీని మీరు ఎక్కువగా నమ్మారు? ఏ పేజీ నుంచి? నేను శాంతం వైపే ఉండిపోయాను, శాస్త్రి పేజీలు చదువుతున్నప్పుడు కూడా.

సంభాషణల సంగతి తేల్చుకోవాలంటే పైకి చదవండి. ఉత్తరాంధ్ర యాస రాశామనుకుని మాట చివర "ఏటి" తగిలించేసే రచయితలున్నారు. మా వదినది అనకాపల్లి. అనుమానం వస్తే ఆవిడ చేత చదివిస్తాను. పూర్ణా మార్కెట్లో బేరమాడినంత సులువుగా ఆవిడ నోట పలికితే ఆ యాస నిజమైనదే. తడబడిందంటే ఆ పేజీ నంబరు కూడా చీటీ మీదకెక్కుతుంది.

ఇక రాయడం. కథ మూడు నాలుగు వాక్యాలు దాటనివ్వకండి, ముగింపు చెప్పకండి. చీటీలోంచి రెండు మూడు చోట్లు ఎంచుకుని వాటి గురించే వివరంగా రాయండి, మిగతావి వదిలేయండి. వారం ఆగి మళ్ళీ చదివి, "అద్భుతం" లాంటి మాటలు కొట్టేయండి. తర్వాత ఆ నవల చదవనివాళ్ళకి వినిపించండి. పుస్తకం తమకి పడుతుందో లేదో వాళ్ళు తేల్చుకోగలగాలి. నేను రాసినవి విని మా వదిన, డైరీలంటే తనకి ఓపిక లేదని 'అతడు-ఆమె' వద్దంది. 'అల్పజీవి' పట్టుకెళ్ళింది.