టోరిక్ లెన్స్‌తో మసకగా ఉందా? ముందు రెప్ప వేసి చూడండి

కళ్లజోడు చీటీలో సిలిండర్, యాక్సిస్ గళ్లు నిండి ఉన్నాయంటే మీకు ఆస్టిగ్మాటిజం (నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం) ఉన్నట్టే. సిలిండర్ అంటే దాన్ని దిద్దే పవర్, యాక్సిస్ అంటే ఆ పవర్ ఏ కోణంలో ఉండాలో చెప్పే డిగ్రీ. సిలిండర్ మరీ తక్కువైతే తప్ప మీకు రాసేది టోరిక్ కాంటాక్ట్ లెన్సే, అంటే సిలిండర్ పవర్ కూడా ఉన్నది. మామూలు లెన్స్ కంట్లో ఎటు తిరిగినా చూపుకు ఏమీ కాదు. టోరిక్‌కు అలా కుదరదు, దానికి పైనా కిందా ఉంటాయి. కిందివైపు కాస్త మందం పెట్టో, పైనా కిందా పలచన చేసో, రెప్పల ఒత్తిడికి సరైన తీరులో నిలబడేలా తయారుచేస్తారు. కొత్తలో చూపు కుదరకపోతే అందరూ ముందు పవర్‌నే అనుమానిస్తారు. నేనైతే ముందు రెప్పను గమనించమంటాను.

పెట్టుకోగానే మసక

పది పదిహేను నిమిషాలు ఆగండి. లెన్స్ తిరిగి తన చోటికి రావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఈలోపు బండి తీయకండి.

అరగంటైనా అక్షరాల పక్కన నీడ

ఒక కన్ను మూసి, గోడ మీది క్యాలెండర్ అంకెలు చూస్తూ మెల్లగా రెప్ప వేయండి. తర్వాత రెండో కన్ను.

రెప్ప వేయగానే తేటపడి, కాసేపటికే మళ్లీ మసకబారిందా? లెన్స్ ఎండుతోంది. ఏసీ గాలి ముఖానికి తగలడం, హెల్మెట్ అద్దం ఎత్తి బండి నడపడం, రెప్ప వేయడం మరిచి స్క్రీన్ చూడటం, కారణాలు ఇవే. లెన్స్‌తో వాడొచ్చని రాసి ఉన్న రీవెట్టింగ్ (లెన్స్‌ను తడిపే) చుక్కలే వేయండి. తగ్గకపోతే రోజువారీ పారేసే లెన్స్ గురించి అడగండి.

రెప్ప వేసినప్పుడు చెదిరి, తర్వాత కుదురుకుంటోందా? లెన్స్ వదులైంది, ప్రతి రెప్పకూ కదులుతోంది. దీనికి ఇంట్లో మందు లేదు. బేస్ కర్వ్ (లెన్స్ లోపలి వంపు) మార్చాలి, లేదా ఇంకో కంపెనీ లెన్స్ చూడాలి. పక్కకు ఒరిగి పడుకుని ఫోన్ చూసినప్పుడు మాత్రమే చెదిరితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

రెప్పతో పని లేకుండా ఎప్పుడూ ఒకేలా మసకా? కుడి ఎడమలు మారాయేమో చూడండి. కొత్తవాళ్లలో ఇది మామూలే. తర్వాత లెన్స్ తిరగబడిందేమో చూడండి. వేలి కొన మీద నిలిపి పక్కనుంచి చూస్తే అంచు గిన్నెలా నిటారుగా ఉండాలి, పళ్లెంలా బయటికి వాలకూడదు. రెండూ సరిగ్గానే ఉంటే అప్పుడు యాక్సిస్ తేడాను అనుమానించాలి. లెన్స్ పది డిగ్రీలు పక్కకు తిరిగితే సిలిండర్‌లో మూడో వంతు దిద్దకుండానే మిగిలిపోతుంది. ముప్పై డిగ్రీలు తిరిగితే సిలిండర్ ఉన్నా లేనట్టే. లెన్స్ మీద సన్నటి గీతలుంటాయి, అద్దంలో మీకు కనబడవు. ఆప్టోమెట్రిస్ట్ (చూపు పరీక్షించే నిపుణులు) స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్‌లో చూసి ఎంత తిరిగిందో చెబుతారు. ప్రతిసారీ ఒకే పక్కకు పది డిగ్రీలు తిరిగి అక్కడే ఆగుతుంటే చీటీలోని యాక్సిస్ 180 అనుకుంటే, దాని బదులు, తిరిగిన దిక్కును బట్టి, 10 గానీ 170 గానీ ఇస్తారు. చీటీలో ఒకటి, డబ్బా మీద ఒకటి ఉందని కంగారు పడకండి. ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంటే మాత్రం యాక్సిస్ మార్చినా లాభం లేదు, లెన్స్ రకమే మార్చాలి.

కళ్లజోడు చీటీతోనే ఆన్‌లైన్‌లో లెన్స్ తెప్పించుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. అద్దం కంటికి దూరంగా ఉంటుంది, లెన్స్ కంటి మీదే కూర్చుంటుంది. అందుకే 4 దాటిన పవర్ లెన్స్‌లో మారుతుంది. జోడులో మైనస్ 6 ఉన్నవారికి లెన్స్‌లో మైనస్ 5.50 దగ్గర సరిపోతుంది. సిలిండర్ కూడా చాలా రకాల్లో 0.75, 1.25, 1.75, 2.25 మెట్లలోనే దొరుకుతుంది. మీది 1.50 అయితే కాస్త తేడా మిగలొచ్చు.

గరగర, మంట

తీసి, సొల్యూషన్‌తో కడిగి, అంచు చిరిగిందేమో చూసి మళ్లీ పెట్టండి. పెట్టగానే భగ్గుమంటే తప్పు వేళ్లది. పచ్చిమిరపకాయలు కోసినా, ఆవకాయ కలిపినా ఆ ఘాటు ఒక్క సబ్బు కడుగుడుకు పోదు. పొద్దున లెన్స్ పెట్టుకున్నప్పుడు బాగానే ఉండి, వంటయ్యాక రాత్రి తీసేటప్పుడు కళ్లు మండేది అందుకే. ఆ రోజుకు గ్లౌజులు వేసుకోండి, లేదా లెన్స్ తీసేసే వంటింట్లోకి వెళ్లండి. కాటుక లెన్స్ పెట్టుకున్నాకే దిద్దుకోవాలి, అదీ రెప్ప లోపలి అంచుకు కాదు.

సాయంత్రానికి ఎరుపు

ఎక్కువసేపు ఉంచారు. మొదటి రోజు నాలుగు గంటలు చాలు, రోజుకో గంటో రెండు గంటలో పెంచండి. లెన్స్‌తో నిద్రపోవద్దు, స్నానం చేయొద్దు. కుళాయి నీళ్లతో, మినరల్ వాటర్‌తో కూడా కడగొద్దు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి నల్లగుడ్డుకు పట్టిందంటే నెలల తరబడి మందులు వాడాలి.

ఎరుపుతో పాటు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, పుసి, చూపు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లెన్స్ తీసేసి ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. లెన్స్‌ను పారేయకుండా డబ్బాతో సహా తీసుకెళ్తే పరీక్షకు పనికొస్తుంది. మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ముదురుతుంది.

ఏ టోరిక్ పెట్టినా కుదరకపోతే

సిలిండర్ ఏటా పెరుగుతూ, కళ్లు నలుపుకునే అలవాటు కూడా ఉంటే, ముఖ్యంగా పదిహేను ఇరవై ఏళ్ల పిల్లలైతే, కెరటోకోనస్ (నల్లగుడ్డు పలచబడి శంకువులా ముందుకు పొడుచుకురావడం) ఉందేమో పరీక్ష చేయించాలి. నల్లగుడ్డు వంపును కొలిచే కార్నియల్ టోపోగ్రఫీ పరీక్షలో తెలుస్తుంది. ఆ సమస్యకు మెత్తటి టోరిక్ చాలాసార్లు చాలదు, ఆర్‌జీపీ (గాలి ఆడే గట్టి లెన్స్) లేదా స్క్లీరల్ (తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద లెన్స్) కావాలి. టోపోగ్రఫీకి వెళ్లేముందు లెన్స్ ఎన్ని రోజులు మానాలో అపాయింట్‌మెంట్ తీసుకున్నప్పుడే అడగండి. లెన్స్ ఒత్తిడికి నల్లగుడ్డు ఆకారం మారి ఉంటే కొలతలు సరిగ్గా రావు.