లేడీ గెటప్ స్కిట్ వేస్తున్నారా? చీర కంటే ముందు కథ చూసుకోండి

వినాయక చవితి పందిరి దగ్గరో, కాలేజీ ఫెస్ట్‌లోనో, ఆఫీసు యాన్యువల్ డేకో స్కిట్ అనుకోగానే ఎవడో ఒకడు "వీడికి చీర కట్టేద్దాం, జనం పడీ పడీ నవ్వుతారు" అంటాడు. నవ్వుతారు, అబద్ధం కాదు. ఎంతసేపు నవ్వుతారో మాత్రం నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకసారి ఆ చీర కట్టుకున్నది నేనే. మా కాలనీ స్టేజీ మీదికి రాగానే ఈలలు, కేకలు, ఫోన్లన్నీ పైకి లేచాయి. రెండో నిమిషానికి ఈలలు ఆగాయి. నాలుగో నిమిషానికి ముందు వరసలో పిల్లలు పులిహోర పెట్టే వైపు నడిచారు. స్కిట్ మొత్తం పన్నెండు నిమిషాలు. మిగతా ఎనిమిది నిమిషాలు నేను చీర సర్దుకుంటూ, గొంతు సన్నం చేసి అరుస్తూ గడిపాను.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, మేం ఎంట్రీ ఒక్కటే రాసుకున్నాం, కథ రాసుకోలేదు. మగాడు చీర కట్టుకుంటే చాలు, అదే జోకు అనుకున్నాం. అదే జోకైతే తిరుపతి గంగమ్మ జాతరలో ఊరంతా నవ్వుతూ ఉండాలి కదా. అక్కడ మగవాళ్లు మొక్కు కోసం చీర కట్టి, నగలు పెట్టుకుని వీధిలోకి వస్తారు, చూసేవాళ్లు దణ్ణం పెడతారు. 2024లో 'పుష్ప 2'లో అల్లు అర్జున్ అదే జాతర వేషంలో కనిపిస్తే థియేటర్లో కేకలు పడ్డాయి గానీ కామెడీ అని ఎవరూ నవ్వలేదు. చీరకి సొంతంగా నవ్వు లేదు. నవ్వు ఎక్కడ పుడుతుందో వెతుక్కుని, చీర ఆ తర్వాత కట్టాలి.

మొదట మీ స్కిట్‌ని ఒక్క ప్రశ్న అడగండి: వీడు ఆడవేషం ఎందుకు వేశాడు? "సరదాకి" అనేది జవాబైతే అక్కడే ఆపేయండి. వేషం వేసేవాడికి అది అస్సలు ఇష్టం ఉండకూడదు, వేయకపోతే మాత్రం మునిగిపోవాలి. 1959లో వచ్చిన 'సమ్ లైక్ ఇట్ హాట్'లో ఇద్దరు వాద్యగాళ్లు షికాగోలో గ్యాంగ్‌స్టర్లు చేసిన హత్యల్ని కళ్లారా చూస్తారు, ప్రాణాలు దక్కించుకోవడానికి ఆడవాళ్ల బ్యాండులో చేరి ఊరు దాటతారు. 1982 నాటి 'టూట్సీ'లో హీరో ఎంత నోటి దురుసు మనిషంటే మగాడిగా అతనికి ఎవరూ వేషం ఇవ్వరు, ఆడమనిషిగా వెళ్తే సీరియల్లో పని దొరుకుతుంది. మనవాళ్ల 'చిత్రం భళారే విచిత్రం'లో బ్రహ్మచారులకి ఇల్లు అద్దెకి దొరకదు. ఈ కష్టం అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చిన ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

కానీ అన్నింటికంటే గట్టి కారణం మన ఇంట్లోనే ఉంది. 'కన్యాశుల్కం' స్కూల్లో పాఠంగా చదివి వదిలేసినవాళ్లు ఒకసారి ఈ కోణంలో చూడండి. అగ్నిహోత్రావధాన్లు తన చిన్నపిల్ల సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెడదామంటాడు. ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రి ఏం చేస్తాడు? తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, తనే తండ్రినని చెప్పి, ఆ కుర్రాణ్ణే ముసలాయనకిచ్చి పెళ్లి చేసేస్తాడు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకం ఇది. ఒక పసిపిల్ల బతుకు ఆ వేషం మీద ఆధారపడి ఉంది కాబట్టి, శిష్యుడు తలవంచుకుని కూచున్నా మనకి నవ్వూ వస్తుంది, గుండెలో పీకుతూనూ ఉంటుంది. ఆ రెండూ కలిపి రాకపోతే కామెడీ నాలుగో నిమిషం దాటదు. అనుభవంతో చెప్తున్నా.

రెండో పని, ఒక కాగితం తీసుకుని రెండు గడులు గీయండి. నిజం ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు. ప్రేక్షకులు ఎప్పుడూ మొదటి గడిలోనే ఉండాలి. "చివర్లో విగ్గు తీసి షాక్ ఇద్దాం" అనే ఐడియా ఎవరో ఒకరు తెస్తారు, వద్దని చెప్పండి. మీసాలు గీసినా అది పక్క ఫ్లాట్ శీనుగాడని అందరికీ ముందే తెలుసు, షాక్ ఎక్కడిది? జనానికి తెలిసిన నిజం స్టేజీ మీద ఉన్నవాళ్లకి తెలియకపోవడం, అదిగో ఇప్పుడే తెలిసిపోతుందేమో అనే టెన్షన్, నవ్వంతా అందులోంచే వస్తుంది. ఇంకా బాగుండాలంటే సగం స్కిట్‌లో ఒక మనిషిని రెండో గడిలోంచి మొదటి గడిలోకి లాగండి. తెలిసినవాడు బయటపెట్టడు, బయటపెడతానని ఆడిస్తాడు.

ఇప్పుడు పరీక్షలు పెట్టండి. మగవాడికి తట్టని, ఆడవాళ్లు రోజూ చేసే పనులతోనే పెట్టాలి. ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరు బ్యాచిలర్లు. ఒకడు భార్యగా నటిస్తూ వాటాలో చేరారు. శ్రావణ శుక్రవారం ఇంటావిడ తలుపు కొడుతుంది.

"అమ్మాయ్, పేరంటానికి రా. ఇదిగో ముందు కాళ్లు ఇలా పెట్టు, పసుపు రాస్తాను."

అంతే. వీడు గడ్డం గీసుకున్నాడు, చేతులకి ఫుల్ హ్యాండ్స్ జాకెట్ వేసుకున్నాడు, కాళ్ల సంగతి మాత్రం మర్చిపోయాడు. చీర అంచు పైకి లేస్తే అడవి. ఇప్పుడు వాడు ఏం చేస్తాడు? "మా వైపు కొత్తకోడలు పెద్దవాళ్లతో కాళ్లు పట్టించుకోకూడదండీ" అని ఆవిడ కాళ్ల మీదే పడిపోతాడు. ఆవిడ మురిసిపోయి "ఎంత అణకువో, మా కోడలికీ ఉంది, ఎందుకూ" అంటుంది. చూశారా, ఒక్క అబద్ధానికి రెండు ఫలితాలు: గండం గడిచింది, ఇంకో గొయ్యి తవ్వుకున్నాడు. ఎందుకంటే ఆవిడకి ఇప్పుడు వీడు తెగ నచ్చేశాడు, రోజూ వస్తుంది. తర్వాత పాట పాడమంటుంది, జడ వేస్తానంటుంది, "ఏమైనా విశేషమా?" అని అడుగుతుంది. ఒక్కో పరీక్షా ముందుదానికంటే దగ్గరగా రావాలి. చీర జారడం, లోపల పెట్టుకున్న బత్తాయి కింద పడటం లాంటివి మాత్రం దయచేసి వద్దు, మా తాతల కాలం నుంచీ పడుతూనే ఉంది ఆ బత్తాయి.

ఇక నటన. ఇక్కడ చాలామంది చేసే తప్పు వెక్కిరించడం. నడుము ఊపుతూ, కళ్లు టపటప కొడుతూ, గొంతు చీల్చుకుని. మీ పాత్రకి పట్టుబడకూడదన్న భయం ఉంది కదా, మరి అంత ఊపితే ఎవరు నమ్ముతారు? వాడు వీలైనంత మామూలుగా, నిజంగా ఆడమనిషిలా ఉండాలని చచ్చేంత ప్రయత్నం చేయాలి. మనకి ఈ విద్యలో గొప్ప వంశమే ఉంది. బాపట్లలో పుట్టిన నాటకాల నటుడు స్థానం నరసింహారావుగారు సత్యభామగా, రోషనారగా, చింతామణిగా పేరు తెచ్చుకున్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామ అంతే. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నుంచి జడని తెర మీదుగా ముందుకు వేస్తుంది, మనిషి కనబడకముందే ఆ జడే ఆమె పొగరంతా చెప్పేస్తుంది. వీళ్లెవరూ ఆడవాళ్లని వెక్కిరించలేదు, గమనించారు. సత్యభామ అలకలో హాస్యం ఉంది, మగాడు అలిగాడన్న హాస్యం కాదది.

నా రెండో ప్రయత్నానికి మా పిన్ని ట్రైనింగ్ ఇచ్చింది. హాల్లో అటూ ఇటూ నడిపించి, కాసేపు చూసి, "ఒరేయ్, నువ్వు ఆడదానిలా నడవక్కర్లేదురా, చీర తొక్కితే పడిపోతానని భయపడే మనిషిలా నడువు, అదే వస్తుంది" అంది. నిజంగా వచ్చింది. అడుగు దానంతటదే చిన్నదైంది, మోకాళ్లు దగ్గరికొచ్చాయి. కూచునేటప్పుడు కుచ్చిళ్లు ఒక చేత్తో ముందుకి లాగి సర్దుకోవడం, మాట్లాడుతూనే పైట చూసుకోవడం, ఆ చూసుకోవడం కూడా చూడకుండానే చెయ్యి వెళ్లిపోవడం, ఇవి బస్టాపులో పది నిమిషాలు నిలబడితే కనిపిస్తాయి (తేరిపార చూడకండి, మర్యాద కాదు, దెబ్బలు కూడా పడతాయి). కనీసం వారం రోజులు ఇంట్లో చీరతోనే రిహార్సల్ చేయండి. అది దొరక్కపోతే లుంగీ బిగించి కట్టుకునైనా.

గొంతు విషయంలో కీచుగొంతు పెట్టకండి. ఐదు నిమిషాల్లో గొంతు పోతుంది, ఒక్క ముక్కా వెనక వరసకి వినబడదు. మీ సొంత గొంతునే కొంచెం పైకి తీసుకుని, వేగం తగ్గించి, మాట చివర గట్టిగా విరవకుండా మెత్తగా వదిలేయండి. కోపం వచ్చినప్పుడు మాత్రం అసలు గొంతు ఒక్క ముక్క బయటపడనివ్వండి, వెంటనే దగ్గి సర్దుకోండి. స్కిట్ మొత్తంలో ఒకేసారి, రెండోసారి చేస్తే పాతబడుతుంది.

సామాను గురించి గబగబా చెప్పేస్తాను. కుచ్చిళ్లు ముందే కుట్టించిన చీర అయితే ప్రాణానికి హాయి. లేదంటే లంగా బొందు గట్టిగా బిగించండి, చీర బరువంతా దానిదే. పట్టుచీర వద్దు, జారుతుంది, పైగా ఎవరిదో ఒకరిది తెచ్చి పాడుచేస్తారు. కాటన్ లేదా మామూలు సింథటిక్ చాలు. గడ్డం షోకి గంట ముందు గీసుకోండి. గీసినా నీలం ఛాయ కనబడుతుంది, దాని మీద కాస్త నారింజ రంగు పూసి, ఆపైన ఫౌండేషన్ వేస్తే ఆ నీలం పోతుంది. విగ్గు కంటే సవరం కట్టి పొడుగు జడ వేస్తే నమ్మకంగా ఉంటుంది, కానీ దానికి మీ జుట్టు కాస్త పొడుగు ఉండాలి. గాజులు వేసుకుంటే మైకు దగ్గర చెయ్యి ఊపకండి, డైలాగ్ బదులు గలగలే వినిపిస్తుంది.

ఇంకో రహస్యం టైమింగ్. 'సమ్ లైక్ ఇట్ హాట్'లో ఆడవేషంలో ఉన్న జాక్ లెమన్ తనకి ఒక కోటీశ్వరుడితో పెళ్లి కుదిరిందని సంబరంగా చెప్పే సీన్ ఉంది. డైరెక్టర్ బిల్లీ వైల్డర్ అతని చేతికి ఒక జత మరకాస్ ఇచ్చాడు, అంటే గింజలు పోసిన గిలక్కాయల్లాంటి వాయిద్యం. ఒక్కో డైలాగ్ తర్వాత అవి ఊపుతూ చిందులేస్తాడు. ఎందుకంటే థియేటర్లో జనం నవ్వే గోలలో తర్వాతి డైలాగ్ మునిగిపోకూడదు. మీకు గిలక్కాయలు అక్కర్లేదు, విసనకర్ర చాలు. జోకు పడ్డాక విసురుకోండి, నవ్వు తగ్గాక మాట్లాడండి. నవ్వు రాకపోతే? ఉక్కపోతగా ఉంది కాబట్టి విసురుకుంటున్నారు, అంతే.

ఆడవాళ్లకి మగవేషం ఇవ్వడం మర్చిపోకండి. 'కన్యాశుల్కం' చివర్లో వేశ్యలంటే గిట్టని సౌజన్యారావు పంతులు దగ్గరికి మధురవాణి మగవేషంలోనే వెళ్తుంది, నాటకంలో అందరికంటే తెలివిగా మాట్లాడేది ఆ సీన్లోనే. స్థానంవారు ఆ మధురవాణి పాత్రా వేశారు, అంటే ఒక మగాడు ఆడదానిగా నటిస్తూ, ఆ ఆడది మళ్లీ మగాడిగా నటించడం! ఆడపాత్రలన్నీ కుర్రాళ్లే వేసిన షేక్‌స్పియర్ కాలంలో 'ట్వెల్త్ నైట్' నాటకంలో మగవేషం వేసే వయోలా కూడా ఇదే చిక్కుముడి. మీ కాలనీలో ప్యాంటూ షర్టూ వేసి, అద్దె ఇచ్చే ముసలాయనగా అదరగొట్టే అక్క ఒకరు తప్పకుండా ఉంటారు, అడిగి చూడండి.

వద్దనేవి రెండు మూడు. హిజ్రాలని, ట్రాన్స్ మనుషులని వెక్కిరించే చప్పట్లు, పదాలు స్కిట్‌లో పెట్టొద్దు. వాళ్లది మారువేషం కాదు, బతుకు. వేషం వేసినవాడి మీద చేతులు వేసే జోకులూ వద్దు. "ఇంత లావుందేంటి, ఇంత నల్లగా ఉందేంటి" అనేవి అసలే వద్దు, ముందు వరసలో కూచున్నవాళ్లు వింటారు. దానికి బదులు, ఇంటి ఓనరు ఈ 'భార్య'ని మెట్ల మీద ఎలా ఎగాదిగా చూస్తాడో వాడి కళ్లతో చూపించండి. మొదటిసారి అటువైపు నిలబడ్డ మగాడి మొహంలో వచ్చే బిత్తరపాటుకి ఆడవాళ్లు నవ్వే నవ్వు వేరు, మా రెండో స్కిట్‌లో అన్నింటికంటే పెద్ద నవ్వు దానికే వచ్చింది.

ముగింపు. విగ్గు ఊడి నిజం బయటపడటం అందరూ ఊహిస్తారు. ఊడనివ్వండి, కానీ ఎదుటివాడు ఊహించని మాట అనాలి. ఆ 'సమ్ లైక్ ఇట్ హాట్'లోనే జాక్ లెమన్ వేసిన జెర్రీ పడవలో విసిగిపోయి విగ్గు పీకి తను మగాణ్ణని చెప్పేస్తాడు, ముసలి కోటీశ్వరుడు చలించడు, ఆ మాత్రం లోపం ఎవరికి ఉండదన్నట్టు పడవ నడుపుతూనే ఉంటాడు. మన పేరంటం స్కిట్‌కి నేనైతే ఇలా పెడతాను: విగ్గు ఊడుతుంది, ఇంటావిడ తీసి దులిపి చేతికిస్తుంది. "నాకు మొదటి రోజే తెలుసు నాయనా. ఆ కాళ్లు చూశాను. వంట బాగా చేస్తున్నావని ఊరుకున్నా. వచ్చే నెల నుంచి అద్దె ఐదొందలు ఎక్కువ."

షో అయ్యాక చీర విప్పేటప్పుడు పిన్నీసులు లెక్క పెట్టుకోండి. కట్టినప్పుడు పద్నాలుగైతే విప్పినప్పుడూ పద్నాలుగు ఉండాలి. నాకు పదమూడే వచ్చాయి, పద్నాలుగోది ఆ చీర మళ్లీ కట్టుకున్నప్పుడు మా పిన్నికి దొరికింది.