రోహిణి కార్తె ఎండల్లో కుక్కకు మత్తిచ్చే ముందు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇప్పుడు పొద్దున తొమ్మిదింటికే సెగ కొడుతోంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని ఆటోలో తెచ్చిన కుక్క దిగీ దిగగానే రొప్పుతుంటే వెంటనే సూది వేయకండి. ఫ్యాన్ కింద పడుకోబెట్టి, రొప్పు తగ్గాక థర్మామీటర్ పెట్టండి. అప్పటికీ 102.5 ఫారెన్‌హీట్ దాటి ఉంటే అది ఎండ వేడి కాదు, జ్వరమేమోనని అనుమానించాలి. మన దగ్గర పిడుదులు ఎక్కువ కదా, చెవి మడతలు వెతకండి, చిగుళ్లు చూడండి. చిగుళ్లు పాలిపోయి ఉంటే ముందు రక్తపరీక్ష చేయించండి. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా జబ్బులున్న కుక్కలో రక్తం, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. ఆపరేషన్‌కు తొందరేముంది, వాయిదా వేయండి.

పెద్ద కుక్కకు రాత్రి తిండితో ఆపేయమనండి. నీళ్లు మాత్రం, ఈ ఎండల్లో, మత్తుకు రెండు గంటల ముందు దాకా తాగనివ్వాలి. చిన్న కూనలను అంతసేపు పస్తు పెట్టకూడదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది.

నా భయమంతా ముందుగా వేసే మత్తు సూది జైలజిన్‌కీ, పూర్తిగా నిద్రపుచ్చే రెండో సూది ప్రొపొఫాల్‌కీ మధ్య జరిగే హడావిడి గురించే. జైలజిన్ కండకు వేశాక కుక్క వాంతి చేసుకుంటుంది, తూలుతుంది, కూలబడుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు "పడిపోయింది, టేబుల్ ఎక్కించండి" అంటారు. ఎక్కించకండి. వెలుతురు తగ్గించి, మాటలు ఆపి, దూరం నుంచి కనిపెడుతూ పదిహేను నిమిషాలు వదిలేయండి. తర్వాత దగ్గరికెళ్లి మత్తు ఎంత పట్టిందో చూడండి. తల పూర్తిగా నేలకు ఆనిందా? చెవి దగ్గర చిటికేస్తే ఉలిక్కిపడుతోందా? కంటి లోపలి మూలన ఉండే మూడో రెప్ప ముందుకొచ్చిందా? వెనక కాలు లాగితే వెనక్కి గుంజుకుంటోందా? ముఖం మాత్రం దగ్గర పెట్టకండి. జైలజిన్ మత్తులో ఉన్న కుక్క చప్పుడుకో, చేయి తగిలినందుకో ఉన్నట్టుండి కరుస్తుంది. తొడ లోపల నాడి కూడా పట్టుకుని చూడండి, ఈ మందుతో గుండె బాగా నెమ్మదిస్తుంది.

ముందు మత్తేమీ లేని కుక్కకు కిలోకు 6 మిల్లీగ్రాముల దాకా పట్టే ప్రొపొఫాల్, మత్తు బాగా పట్టిన కుక్కకు అందులో సగంతోనే సరిపోవచ్చు. అందుకే లెక్క కట్టిన డోసంతా ఒక్కసారి ఎక్కించకూడదు. నిమిషం నుంచి నిమిషంన్నర తీసుకుని, కుక్కను చూస్తూ కొంచెం కొంచెంగా ఇవ్వాలి. గబగబా ఇస్తే ఊపిరి ఆగిపోతుంది. ఆక్సిజన్, శ్వాసనాళంలోకి దించే గొట్టం, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగు చేతికందేలా పెట్టుకున్నాకే సూది పట్టండి. కరెంటు పోయినా పనిచేసే టార్చిలైటు కూడా ఉండాలి.

మత్తు బాగా దిగితే తల మెల్లగా వాలుతుంది, కనుగుడ్డు కిందికి తిరుగుతుంది, దవడ వదులవుతుంది, గొట్టం దగ్గు లేకుండా దిగుతుంది. కాళ్లు కొట్టుకోవడం, అరవడం, గొట్టాన్ని నమలడం కనిపిస్తే మత్తు చాలలేదన్నమాట. ఏది జరిగినా, వాడిన డోసుతో సహా కేసు షీటులో రాయండి. అదే కుక్క మళ్లీ వస్తే ఆ రాతే ఆధారం. కేటమిన్ అనే మరో మత్తు మందు వాడితే కళ్లు తెరుచుకునే ఉంటాయి. కన్ను చూసి మత్తు లోతు కట్టొద్దు, ఎండిపోకుండా కంటి ఆయింట్‌మెంట్ వేయండి.

పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఆపరేషన్ అయిపోగానే గొట్టం తీయకండి. అది తల ఎత్తి, మింగుతూ, గొట్టాన్ని ఇక భరించలేనంత మెలకువకు వచ్చాకే తీయాలి.