ఆటిజం ఉన్న బిడ్డకు వైద్య గంజాయి: నిర్ణయానికి ముందూ, వాడకం మొదలయ్యాకా ఏం చేయాలి

రాత్రుళ్లు నిద్రపోని బిడ్డ, కోపం వస్తే తలను గోడకేసి కొట్టుకునే బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు, "గంజాయి నూనె వాడాక మా అబ్బాయి కుదుటపడ్డాడు" అని సాటి తల్లి ఎవరైనా చెబితే ఆ మాట మనసును పట్టుకుని వదలదు. ఆ ఆశలో తప్పేమీ లేదు. అయితే ఆ ఆశతో నేరుగా సీసా కొనడానికి బయలుదేరితే మందు పనిచేసిందో లేదో తెలియదు, హాని జరిగినా వెంటనే గుర్తించలేరు. వైద్య గంజాయి ఆటిజాన్ని తీసివేసే మందు కాదు. పరిశోధకులు ముఖ్యంగా పరీక్షిస్తున్నది ఆటిజంతో పాటు వచ్చే తీవ్రమైన చికాకు, దూకుడు, తనను తాను గాయపరచుకోవడం, నిద్రలేమి, ఆందోళన వంటి ఇబ్బందులపై దాని ప్రభావాన్ని. కాబట్టి తల్లిదండ్రులు మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: మా బిడ్డను అన్నిటికంటే ఎక్కువగా బాధపెడుతున్న ఏ ఒక్క లక్షణం కోసం ఈ మందును ఆలోచిస్తున్నాం? ఆ లక్షణానికి పేరు పెట్టి, అది ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా వస్తోందో కాగితం మీద రాసుకోగలిగినప్పుడే మిగతా అడుగులకు అర్థం ఉంటుంది.

సీసాలో ఉండేది ఏమిటి

గంజాయి మొక్కలో వందకు పైగా కన్నబినాయిడ్ పదార్థాలు ఉన్నా, వైద్యంలో ప్రధానంగా వినిపించేవి రెండు. టీహెచ్‌సీ మత్తు కలిగిస్తుంది. ఎదిగే మెదడుకు దానివల్ల వచ్చే ముప్పు గురించి వైద్యులు ఆందోళన చెందుతున్నారు. సీబీడీ ఆ విధమైన మత్తు కలిగించదు. ఆటిజం పరిశోధనల్లో వాడిన నూనెల్లో చాలావరకు సీబీడీ ఎక్కువగానూ టీహెచ్‌సీ చాలా తక్కువగానూ ఉంటాయి. ఇరవై పాళ్లకు ఒక పాలు అన్న నిష్పత్తి తరచుగా కనిపిస్తుంది. శుద్ధి చేసిన సీబీడీతో తయారైన ఎపిడియోలెక్స్ అనే మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతి ఇచ్చింది, కానీ అది లెనాక్స్-గాస్టో, డ్రావే అనే రెండు తీవ్రమైన మూర్ఛవ్యాధులకు. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు వ్యాధి వల్ల వచ్చే మూర్ఛలకూ దాన్ని విస్తరించారు. ఆటిజం ఆ జాబితాలో లేదు. ఆటిజంలోని చికాకుకు ఆ సంస్థ ఆమోదించిన మందులు రెండే: 2006లో రిస్పెరిడోన్, 2009లో అరిపిప్రజోల్. ఇవి చాలామందికి ఉపయోగపడతాయి, కానీ బరువు బాగా పెరగడం, మగతగా ఉండడం చూసి కొందరు తల్లిదండ్రులు వేరే దారి వెతుక్కుంటారు. గంజాయి వైపు చూపు మళ్లడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఆధారాలను ఎలా చదవాలి

ఇజ్రాయెల్‌లో 188 మంది రోగులను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల తర్వాత వివరాలు ఇచ్చిన 93 మందిలో 28 మందికి గణనీయమైన మెరుగుదల, 50 మందికి ఒక మోస్తరు మెరుగుదల కనిపించాయని తేలింది. వినడానికి ఇది చాలా పెద్ద ఫలితం. కానీ అందులో పోల్చి చూసుకోవడానికి మందు తీసుకోని బృందం లేదు, మెరుగుదలను అంచనా వేసినవారికి మందు ఇస్తున్న సంగతి తెలుసు. ఆటిజం చికిత్సల్లో ఉత్తుత్తి మందు, అంటే ప్లాసిబో తీసుకున్నవారిలో కూడా చెప్పుకోదగ్గ మార్పు కనబడడం మామూలే. బిడ్డ కోసం ఆత్రుతగా ఎదురుచూసే కళ్లకు మంచి రోజులే ముందు కనిపిస్తాయి.

అందుకే అదే దేశంలో జరిగి 2021లో వెలువడిన మరో పరీక్ష నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. 5 నుంచి 21 ఏళ్ల మధ్య వయసున్న 150 మందిని తీసుకుని, కొందరికి మొక్క సారం, కొందరికి శుద్ధి చేసిన పదార్థాలు, కొందరికి ప్లాసిబో ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో కుటుంబాలకు చెప్పలేదు. వైద్యులు వేసిన అంచనాలో, అల్లరి ప్రవర్తన బాగా తగ్గినవారు మొక్క సారం తీసుకున్న బృందంలో 49 శాతం, ప్లాసిబో బృందంలో 21 శాతం. అదే పరీక్షలో తల్లిదండ్రులు నింపిన ప్రధాన ప్రశ్నావళిలో మాత్రం బృందాల మధ్య స్పష్టమైన తేడా రాలేదు. ఒక కొలమానంలో ఫలితం ఉంది, ఇంకొక దానిలో లేదు. దీన్నిబట్టి కొందరు పిల్లలకు మేలు జరగవచ్చునని అనుకోవడానికి కారణం ఉంది గానీ, మీ బిడ్డకు జరుగుతుందని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీని నమ్మకూడదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2015లో ప్రకటించిన వైఖరి కూడా దీనికి దగ్గరగానే ఉంది: నియంత్రణ సంస్థ ఆమోదించని గంజాయి పదార్థాలను పిల్లలకు వాడడాన్ని వ్యతిరేకిస్తూనే, బతుకును తీవ్రంగా కుంగదీసే జబ్బుల్లో, ఉన్న చికిత్సలు చాలనప్పుడు, అది ఒక దారి కావచ్చునని ఆ సంఘం అంగీకరించింది.

గంజాయి కంటే ముందు చూడవలసినవి

మాట రాని బిడ్డ, లేదా మాట వచ్చినా నొప్పిని చెప్పుకోలేని బిడ్డ, తన బాధను ప్రవర్తనతోనే చెబుతుంది. హఠాత్తుగా దవడ మీద కొట్టుకోవడం మొదలుపెట్టిన పిల్లవాడికి పుచ్చుపన్ను ఉండవచ్చు, చెవిలో చీము ఉండవచ్చు. భోజనం తర్వాత వంకర్లు తిరుగుతూ ఏడ్చే పాపకు కడుపులో ఆమ్లం పైకి తన్నుతూ ఉండవచ్చు. రోజుల తరబడి విరేచనం కాని పిల్లలు చికాకుగా ఉండడంలో వింత లేదు. నిద్రలేమికి వెనుక గురక, శ్వాస ఆగిపోవడం, ఇనుము లోపం వంటివి ఉన్నాయేమో చూడాలి. నిద్ర పట్టించడానికి మెలటోనిన్ అనే నిద్ర హార్మోను మందుకు ఉన్నంత ఆధారం ఈ పిల్లల్లో గంజాయికి లేదు. కొత్త బడి, మారిన ఉపాధ్యాయురాలు, భరించలేని శబ్దం, తన అవసరాన్ని చెప్పే మార్గం లేకపోవడం కూడా అంతే ముఖ్యమైన కారణాలు. పన్నునొప్పి ఉన్న బిడ్డకు మగత కలిగించే నూనె ఇస్తే అరుపులు తగ్గవచ్చు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. ఈ పరీక్షలన్నీ పూర్తయ్యేవరకు గంజాయి ప్రస్తావన వాయిదా వేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

వైద్యుడి దగ్గర

మీరు ఉంటున్న చోట చట్టం దేన్ని అనుమతిస్తుందో, ఎవరు రాసిస్తే చెల్లుతుందో ముందే తెలుసుకోవాలి. ఆ తర్వాత పిల్లల నరాల వైద్యుణ్ణిగానీ, మానసిక వైద్యుణ్ణిగానీ కలిసి, బిడ్డ ఇప్పుడు తీసుకుంటున్న ప్రతి మందునూ, టానిక్కులు, మూలికలతో సహా, కాగితం మీద రాసి ఇవ్వాలి. సీబీడీని కాలేయంలో జీర్ణించే ఎంజైములే అనేక ఇతర మందులనూ జీర్ణిస్తాయి కాబట్టి రెండూ కలిసినప్పుడు వాటి స్థాయిలు మారిపోతాయి. మూర్ఛకు వాడే క్లోబజామ్‌తో కలిస్తే మగత బాగా పెరుగుతుంది. మరో మూర్ఛ మందు వాల్ప్రోయేట్‌తో కలిస్తే కాలేయ ఎంజైములు పెరిగే ప్రమాదం హెచ్చుతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ ఉన్నవారు తక్కువేమీ కాదు గనుక ఇది పుస్తకాలకే పరిమితమైన హెచ్చరిక కాదు. మందు మొదలుపెట్టే ముందూ, తర్వాత ఒకటి, మూడు, ఆరు నెలలకూ కాలేయ పరీక్ష చేయించడం ఎపిడియోలెక్స్ విషయంలో పాటించే పద్ధతి. ఇక్కడా దాన్నే అడగండి. కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధి ఉంటే దాచకుండా చెప్పాలి, ఎందుకంటే టీహెచ్‌సీ ఎక్కువైనప్పుడు లేనిపోనివి కనిపించడం, వినిపించడం వంటి లక్షణాలు రావచ్చు.

బిడ్డకు అర్థం చేసుకునే వయసు, శక్తి ఉంటే ఈ మందు ఎందుకో తనకు తెలిసే మాటల్లో, బొమ్మల్లో చెప్పి, ఇష్టమో కాదో అడగండి. యుక్తవయసు వచ్చినవారి విషయంలో ఆ సమ్మతి మరింత ముఖ్యం.

లేబుల్, సిరంజి, లెక్క

ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులను పరీక్షించిన ఒక అమెరికన్ బృందం 2017లో చెప్పిన ప్రకారం, సీబీడీ పరిమాణం లేబుల్ మీద రాసినదానికి సరిపోలినవి మూడింట ఒక వంతు కూడా లేవు. 18 వాటిలో టీహెచ్‌సీ కూడా కనిపించింది. కాబట్టి స్వతంత్ర ప్రయోగశాల ఇచ్చిన, ఆ సీసా బ్యాచ్ నంబరుకు సరిపోలే పరీక్షా పత్రం లేని నూనెను పిల్లల నోట్లో వేయకూడదు. ఆ పత్రంలో రెండు పదార్థాల మోతాదుతో పాటు పురుగుమందులు, భారలోహాలు, బూజు పరీక్షల ఫలితాలు కూడా ఉండాలి. నూనెలో నువ్వుల నూనె కలిసిందేమో, బిడ్డకు అది పడుతుందో లేదో కూడా చూసుకోండి.

మోతాదును వైద్యుడే నిర్ణయిస్తాడు, కానీ లెక్క మీకూ తెలియాలి. ముప్పై మిల్లీలీటర్ల సీసా మీద 3000 మిల్లీగ్రాముల సీబీడీ అని ఉంటే, ఒక్కో మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉన్నట్టు. వైద్యుడు 20 కిలోల బిడ్డకు కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున మొదలుపెట్టమంటే రోజుకు 20 మిల్లీగ్రాములు, అంటే ఉదయం 0.1, సాయంత్రం 0.1 మిల్లీలీటరు. సిరంజిలో అది ఒక చిన్న గీత మాత్రమే. పొరపాటున ఒక మిల్లీలీటరు ఇస్తే పది రెట్ల మోతాదు ఇచ్చినట్టు. 2021 పరీక్షలో మాదిరిగా కిలోకు 10 మిల్లీగ్రాముల వరకు పెంచితే రోజుకు 200 మిల్లీగ్రాముల సీబీడీ అవుతుంది, ఇరవైకి ఒకటి నిష్పత్తిలో దాని వెంట 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ కూడా వెళుతుంది. "టీహెచ్‌సీ చాలా తక్కువ" అన్న మాటను ఎప్పుడూ ఇలా మిల్లీగ్రాముల్లోకి మార్చి చూడాలి. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో సీబీడీ శరీరంలోకి చేరేది కొన్ని రెట్లు పెరుగుతుంది కాబట్టి, రోజూ తిండితోనో, రోజూ ఖాళీ కడుపుతోనో, ఏదో ఒకే విధంగా ఇవ్వాలి. పొగ రూపం పిల్లలకు ఏ పరిస్థితిలోనూ తగదు. సీసాను తాళం వేసిన చోట ఉంచాలి.

వాడకానికి ముందు నుంచీ రాయవలసిన డైరీ

మందు మొదలుపెట్టడానికి కనీసం రెండు మూడు వారాల ముందే నోటు పుస్తకం తెరవండి. ఎంచుకున్న లక్షణం తల కొట్టుకోవడం అయితే, ప్రతిరోజూ ఎన్నిసార్లు, ఎంతసేపు, దేని తర్వాత, ఎలా ఆగిందన్నది రాయాలి. "ఈరోజు బాగున్నాడు" అని రాస్తే లెక్కకు పనికిరాదు. "సాయంత్రం ఆరింటికి, మిక్సీ శబ్దానికి, నాలుగు నిమిషాలు, చెవులు మూసి వేరే గదికి తీసుకెళ్తే ఆగింది" అని రాస్తే పనికివస్తుంది. నిద్రపోయిన గంటలు, తిన్న తిండి, బరువు కూడా పక్కన వేయండి. వీలైతే మందు మొదలైన సంగతి చెప్పకుండా ఉపాధ్యాయుల చేత కూడా ఇలాంటి లెక్కే రాయించండి. ఆశ కలవని కళ్లతో చూసినవారి లెక్క చాలా విలువైనది. మందు పెంచే రోజుల్లో కొత్త థెరపీ, కొత్త ఆహార నియమం, మరో మందు మార్పు పెట్టుకోవద్దు.

మగత, ఆకలి తగ్గడం, విరేచనాలు తరచుగా కనిపించే ఇబ్బందులు. 2021 పరీక్షలోనూ మందు తీసుకున్నవారిలో మగత, ఆకలి తగ్గడం ప్లాసిబో బృందంలో కంటే ఎక్కువగా నమోదయ్యాయి. బిడ్డ నిశ్శబ్దంగా ఉంటే అది నెమ్మదించడమా, మత్తులో ఉండడమా అన్నది ఆటలో, మాటలో, నేర్చుకోవడంలో చురుకు ఉందా లేదా అని చూసి తేల్చుకోవాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మూర్ఛలు పెరిగినా, బిడ్డ లేనివాటితో మాట్లాడుతున్నట్టు కనిపించినా, లేపినా లేవకపోయినా ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి.

ఎప్పుడు ఆపాలో కూడా మొదలుపెట్టే రోజే వైద్యుడితో కలిసి రాసుకోవాలి: ఉదాహరణకు, నిర్ణయించిన మోతాదుకు చేరిన తర్వాత పన్నెండు వారాలకు డైరీలోని లెక్క ఇంత తగ్గకపోతే మానేస్తామని. ఆపేటప్పుడు ఒక్కసారిగా కాకుండా, ముఖ్యంగా మూర్ఛ ఉన్న పిల్లల్లో, వైద్యుడు చెప్పిన క్రమంలో మోతాదు తగ్గించుకుంటూ రావాలి, డైరీ మాత్రం మరో నెల రోజులు కొనసాగించాలి. ఆ నెలలో లక్షణం మళ్లీ పెరిగితే మందు కొంత పనిచేసి ఉండవచ్చునని వైద్యుడితో మాట్లాడడానికి అది బలమైన ఆధారమవుతుంది. ఏ మార్పూ రాకపోతే ఆ సీసాను మళ్లీ తెరవవలసిన అవసరం ఉండదు.